ఆసుల జోడీ ఎందుకు ఓడింది

దీపావళి నాటికి పాత వరంగల్ జిల్లా పల్లెల్లో చేతికి కాస్త డబ్బు అందుతుంది. జనగామ చెలకల్లో పత్తి తొలి ఏరుడు అయిపోయి ఉంటుంది. భూపాలపల్లి గనుల్లో దిగే కార్మికులకు సింగరేణి లాభాల వాటా, పండుగ బోనస్ అందేది ఆ రోజుల్లోనే. మహబూబాబాద్ వైపు, అంటే పెద్దవాళ్లు ఇప్పటికీ మానుకోట అని పిలిచే ఊరి చుట్టుపక్కల, మిర్చి తోటలు పూత మీదికి వచ్చి దిగుబడి మీద ఆశ పుట్టిస్తుంటాయి. లక్ష్మీపూజ అయ్యాక డాబా మీద చాప పరుస్తారు. పత్తాలు బయటికి తీస్తారు. ఏడాది పొడుగునా ముక్క ముట్టని వాళ్లు కూడా ఆ రాత్రి కూచుంటారు.

ఆరుగురు కూచున్నారనుకుందాం. ఆడేది మూడు ముక్కలాట. తలా పది రూపాయలు ముందుగా వేశారు. మీకు పడిన ముక్కలు ఇస్పేటు ఆసు, ఆటీను ఆసు, పక్కన ఇస్పేటు రాజు. జోడీల్లో ఇంతకు మించిన జోడీ లేదు. ఇద్దరు ముక్కలు చూసి పడేశారు. మరో ఇద్దరు రెండు చుట్లు ఆడి తప్పుకున్నారు. చివరికి మిగిలింది మీరు, ఎదురుగా కూచున్న ఒక పెద్దాయన. ఇరవై నలభై అయింది, నలభై ఎనభై అయింది. ఆయన ముఖంలో మార్పు లేదు. మీరు వెనక్కి తగ్గలేదు, తగ్గడానికి కారణం కనబడలేదు. చివరికి షో అడిగారు. ఆయన పరిచింది కళావరు రెండు, అయిదు, తొమ్మిది. ఉత్త కలర్, అంటే వరస లేకుండా రంగు మాత్రం కలిసినవి. అంకెలు చూస్తే ఎందుకూ కొరగానివి, అయినా జోడీని కొడతాయి.

"ఆసుల జోడీ పట్టుకొని ఎవరన్న ఓడిపోతరా అన్నా?"

"నసీబు గట్లుంది తమ్మీ, ఏం జేస్తం."

ఓడినవాడికి తోచే కారణాలు సాధారణంగా మూడు. నసీబు బాగాలేదు. ముక్కలు సరిగ్గా కలపలేదు. ఎవరో మోసం చేశారు. ఈ మూడింట్లో ఏదైనా ఒక్కోసారి నిజం కావచ్చు. కానీ ఈ మూడూ లేని ఆటలో కూడా, దేవుడే వచ్చి ముక్కలు కలిపి పంచినా కూడా, ఆసుల జోడీ తరచుగా ఓడుతుంది. పైగా జీవితంలో గుర్తుండిపోయే పెద్ద ఓటమి వచ్చేది మంచి ముక్కలతోనే. చెత్త ముక్కలతో పెద్ద ఓటమి రావడం చాలా అరుదు. ఎందుకలా జరుగుతుందో లెక్క చూపిస్తుంది. ఆ లెక్క పేకాట దగ్గర ఆగదు కాబట్టే ఈ అధ్యాయం రాస్తున్నాను.

యాభై రెండు ముక్కల్లోంచి మూడు ముక్కలు ఎన్ని విధాలుగా పడగలవు? మొదటి ముక్కకు 52 అవకాశాలు, రెండో దానికి 51, మూడో దానికి 50. ఈ మూడూ హెచ్చవేస్తే 1,32,600. అయితే ముక్కలు ఏ వరసలో చేతికి వచ్చాయన్నది మనకు అక్కర్లేదు. మూడు ముక్కలను ఆరు వరసల్లో పేర్చవచ్చు కాబట్టి ఆరుతో భాగిస్తే 22,100. మూడు ముక్కలాటలో ఎవరి చేతికి ఏం వచ్చినా ఈ 22,100లో ఒకటి అయి తీరాలి.

వీటిలో మూడూ ఒకే అంకె అయినవి, అంటే ట్రయల్ పడేవి, 52. ఒకే రంగులో వరసగా వచ్చేవి 48. రంగు కలవకుండా వరస మాత్రం కుదిరేవి 720. వరస లేకుండా రంగు మాత్రం కలిసేవి 1,096. జోడీలు 3,744. మిగతా 16,440 చేతుల్లో ఏమీ ఉండదు, పెద్ద ముక్కను చూసుకుని బతకాలి. అంటే నాలుగు ఆటల్లో దాదాపు మూడు ఆటలు ఖాళీ చేతులే. ఒక చిన్న విశేషం కూడా చెప్పాలి. ఒకే రంగు వరస 48 విధాలుగానే పడుతుంది, ట్రయల్ 52 విధాలుగా పడుతుంది. అరుదైనదే గొప్పదైతే వరసే ట్రయల్‌ను కొట్టాలి. ఆట నియమం మాత్రం దానికి తలకిందులుగా ఉంది. నియమాలు రాసినవాళ్లు ముందుగా లెక్క చూసుకోలేదన్నమాట.

జోడీని కొట్టగలిగే చేతులన్నీ కలిపితే 52, 48, 720, 1,096. మొత్తం 1,916. అంటే 22,100లో వందకు తొమ్మిదికి లోపే. మీ చేతిలో ఆసుల జోడీ, పక్కన రాజు ఉన్నప్పుడు మిమ్మల్ని దాటిన చేతులు మొత్తంలో పదో వంతు కూడా లేవు. ఇక్కడిదాకా మీ ధీమా సరైనదే.

ఈ లెక్కకు మన దేశంలో చాలా పాత మూలం ఉంది. భారతం అరణ్యపర్వంలో నలుడి కథ అందరికీ తెలిసిందే. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. విదర్భకు రథం తోలుతుంటే దారిలో ఒక తాని చెట్టు కనిపిస్తుంది. ఋతుపర్ణుడు ఆ చెట్టు కొమ్మల్లో ఎన్ని ఆకులున్నాయో, ఎన్ని కాయలున్నాయో చూసి చెప్పేస్తాడు. నలుడు నమ్మక రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా కలుస్తుంది. ఆ విద్యే అక్షహృదయం. తన అశ్వవిద్య ఇచ్చి నలుడు దాన్ని తీసుకుంటాడు. ఆ తర్వాతే మళ్లీ ఆడి పోయిన రాజ్యం గెలుస్తాడు. ఎంచుకున్న చెట్టు కూడా యాదృచ్ఛికం కాదు. ఆ కాలంలో పాచికలుగా వాడింది తానికాయలనే. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికతో పాటు పడే ఆ తానికాయే. మహదేవపూర్ వైపు భూపాలపల్లి అడవుల్లో ఆ చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. నలుడిని జూదం నుంచి బయటపడేసింది కలి అతన్ని విడిచిపోవడమని కథ చెబుతుంది. నాకు మాత్రం ఆ కథలో లెక్క నేర్చుకున్న ఘట్టమే ముఖ్యంగా కనిపిస్తుంది.

మళ్లీ చాప మీదికి వద్దాం. మీ చేతిలోని రెండు ఆసులు, ఒక రాజు పక్కన పెడితే మిగిలినవి 49 ముక్కలు. ఎదుటివాడికి వీటిలోంచి 18,424 విధాలుగా చేయి పడవచ్చు. వాటిలో మిమ్మల్ని కొట్టేవి 1,639. వందకు 8.9. ఒక్క మనిషితో ఆడితే పదికి తొమ్మిది సార్లు మీరే గెలుస్తారు. కానీ చాప మీద మీకు ఎదురుగా కూచున్నది అయిదుగురు. ఆ అయిదుగురిలో ఏ ఒక్కరికీ మిమ్మల్ని మించిన చేయి పడకుండా ఉండాలి. ఒక్కొక్కరి దగ్గర తప్పించుకునే అవకాశం వందకు 91. అయిదు సార్లు వరసగా తప్పించుకోవాలంటే ఆ 91 శాతాన్ని అయిదు సార్లు హెచ్చవేయాలి. వచ్చేది సుమారు 63. మిగిలిన 37 ఎవరో ఒకరి చేతిలో మీ ఓటమి. ఒకరి ముక్కలు మరొకరి ముక్కలను కొద్దిగా మారుస్తాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు, అయినా తేడా స్వల్పమే. అంతకన్నా మంచి జోడీ పేకలో లేకపోయినా, ఆరుగురు కూచున్న ఆటలో మూడింట ఒక వంతుకు పైగా అది రెండో స్థానంలోనే ఉంటుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. చేయి బలాన్ని ముక్కల్లో కొలుస్తారు. దాన్ని కొలవాల్సింది ఎదురుగా ఉన్న చేతులతో. ఇద్దరి ఆటలో రాజుగా ఉన్న చేయి ఆరుగురి ఆటలో సామంతుడవుతుంది. ముక్కలు మారలేదు, మనుషుల సంఖ్య మారింది అంతే.

అయితే అసలు విషయం ఇంకా ముందుంది. పైన చెప్పిన 8.9 శాతం, ఎదుటివాడు ముక్కలు చూడక ముందరి లెక్క. ఆయన చూశాడు. చూసి కూడా తప్పుకోలేదు. ఆ ఒక్క సంగతితో లెక్క మొత్తం మారిపోతుంది. ఏమీ లేని చేయి పడితే పడేసే మనిషి అనుకుందాం. అలాంటి మనిషి ఇంకా ఆడుతున్నాడంటే ఆయన దగ్గర కనీసం జోడీ ఉన్నట్టు. మిగిలిన 49 ముక్కల్లో జోడీలు 3,155, వాటికి పైనున్నవి 1,639. మొత్తం 4,794 చేతుల్లో మిమ్మల్ని కొట్టేవి 1,639. వందకు 34. ఇప్పుడు ఆయన ఇంకొంచెం జాగ్రత్తపరుడనుకుందాం. పదుల జోడీకి తక్కువైతే నాలుగు చుట్లు ఆడడు. నాలుగో చుట్టు దాటినా కూచునే ఉన్నాడు. అప్పుడు ఆయన దగ్గర ఉండదగిన చేతులు 2,634 మాత్రమే, మిమ్మల్ని కొట్టేవి అదే 1,639. వందకు 62.

తొమ్మిది ముప్పై నాలుగైంది, ముప్పై నాలుగు అరవై రెండైంది. ఈలోపు కొత్తగా ఒక్క ముక్క కూడా పడలేదు. మీ ఆసులు ఆసులుగానే ఉన్నాయి. మారింది మీకు తెలిసిన సంగతి ఒక్కటే, ఆ పెద్దాయన లేవలేదని. కొత్త సంగతి తెలిసినప్పుడు పాత అంచనాను ఎలా సవరించుకోవాలో చెప్పే సూత్రాన్ని ఇంగ్లండులో థామస్ బేయస్ అనే మతబోధకుడు రాసిపెట్టుకున్నాడు. ఆయన చనిపోయాక, 1763లో ఆయన మిత్రుడు రిచర్డ్ ప్రైస్ దాన్ని ప్రచురింపజేశాడు. రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే జబ్బు నిజంగా ఉన్నట్టేనా, ఈ మెయిల్ మోసగాడు పంపిందా కాదా అని నేడు తేల్చే పద్ధతుల అడుగున ఉన్నది ఆ సూత్రమే. ఆసుల జోడీ పట్టుకున్నవాడు చెయ్యాల్సిందీ అదే. చుట్టు చుట్టుకూ తన అంచనా సవరించుకోవాలి. ఎక్కువమంది చేసేది వేరు. ముక్కలు చూసిన క్షణంలో ఏర్పడిన ధీమానే చివరిదాకా మోస్తారు.

పెద్ద ఓటమి మంచి ముక్కలతోనే ఎందుకు వస్తుందో ఇప్పుడు చెప్పవచ్చు. ఒక ఆటలో డబ్బు కుప్పగా పేరుకోవాలంటే కనీసం ఇద్దరు చివరిదాకా కూచోవాలి. ఇద్దరు చివరిదాకా కూచోవాలంటే ఇద్దరి దగ్గరా ఏదో ఒకటి ఉండాలి. చెత్త ముక్కలు పడినవాడు పది రూపాయలు వదులుకుని లేస్తాడు. ఆ ఓటమి అతనికి తెల్లారేసరికి గుర్తుండదు. కాబట్టి పెద్ద కుప్ప కనబడిందంటే, అక్కడ రెండు బలమైన చేతులు ఎదురుపడ్డాయని అర్థం. పెద్ద కుప్పలను మాత్రమే ఏరి చూస్తే, వాటిలో ఓడిన చేతులన్నీ చాలావరకు మంచి చేతులే అయి ఉంటాయి. అందుకని పేకాటరాయుళ్లు చెప్పుకునే విషాద కథలన్నిటిలోనూ ఆసులు, రాజులు, కలర్లే వినిపిస్తాయి. అది దురదృష్టం మనిషిని వెతుక్కుంటూ రావడం వల్ల జరిగింది కాదు. ఏరిక వల్ల జరిగింది.

2008లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో ఒక ఆట ఇప్పటికీ చెప్పుకుంటారు. జపాన్‌కు చెందిన మొతోయుకి మబుచికి నాలుగు ఆసులు కలిశాయి. పోకర్‌లో నాలుగు ఆసులు వచ్చినవాడు ఓడిపోవడం చాలామంది ఆటగాళ్లు జీవితంలో ఒక్కసారీ చూడరు. ఎదురుగా ఉన్న జస్టిన్ ఫిలిప్స్ పరిచింది రాయల్ ఫ్లష్, అంటే ఒకే రంగులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు. పోకర్‌లో దానికి మించినది లేదు. నాలుగు ఆసులు పడే అవకాశాన్ని, రాయల్ ఫ్లష్ పడే అవకాశాన్ని విడివిడిగా తీసుకుని హెచ్చవేస్తే వచ్చే సంఖ్య చూసి ఎవరైనా కళ్లు తేలేస్తారు. కానీ అలా హెచ్చవేయడం తప్పు. ఆ రకం పోకర్‌లో కొన్ని ముక్కలు బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఉంటాయి. పేకలో ఆసులు నాలుగే. నాలుగూ ఒకరికి కలిసి, అందులో ఒకటి ఎదుటివారి రాయల్ ఫ్లష్‌లో కూడా ఉందంటే, ఆ ఆసు ఉమ్మడి ముక్క అయి తీరాలి. మబుచి చేతిని అంత బలంగా చేసిన ముక్కే ఫిలిప్స్ చేతిని అంతకన్నా బలంగా చేసింది. ఈ ఉమ్మడి ముక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మానుకోట మిర్చి దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఓడాక మనసులో జరిగేది కూడా శాస్త్రం పరిశీలించింది. 1988లో జొనాథన్ బారన్, జాన్ హెర్షీ అనే పరిశోధకులు ఒక వైద్యుడి నిర్ణయాన్ని జనం ముందు పెట్టారు. రోగికి ఆపరేషన్ చెయ్యాలా వద్దా అన్నది ప్రశ్న. వైద్యుడికి తెలిసిన సమాచారం ఒకటే, ఆపరేషన్ ప్రమాదం ఒకటే, నిర్ణయం ఒకటే. ఫలితం మాత్రం ఒకచోట రోగి బతికాడని, మరోచోట చనిపోయాడని చెప్పారు. చనిపోయాడన్నచోట అదే నిర్ణయానికి తక్కువ మార్కులు పడ్డాయి. ఫలితం చూసి నిర్ణయానికి మార్కులు వెయ్యడం మనందరికీ ఉన్న అలవాటు. ఆసుల జోడీతో మొదటి చుట్టు ఆడటం సరైన నిర్ణయమే, ఓడినా సరే. ఏడో చుట్టులో ఎనభై వెయ్యడం పొరపాటు, ఒకవేళ గెలిచినా సరే. గెలిచినవాడికి ఆ పొరపాటు కనపడదు, ఓడినవాడికి సరైనది కూడా తప్పులా కనిపిస్తుంది. అందుకే ఇద్దరూ ఏమీ నేర్చుకోకుండానే తర్వాతి ఆటకు కూచుంటారు.

ఓడినవాడు లేవకుండా అక్కడే కూచోవడానికి ఇంకో కారణం ఉంది. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్స్కీ 1979లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, వచ్చిన వంద రూపాయలు ఇచ్చే సంతోషం కన్నా పోయిన వంద రూపాయల బాధ చాలా ఎక్కువ. 1992లో వాళ్లు కట్టిన లెక్కలో అది రెండింతలకు పైన, సుమారు 2.25 రెట్లు తేలింది. నష్టంలో ఉన్న మనిషి మామూలుగా ముట్టని ప్రమాదాన్ని కూడా ముడతాడు, ఎట్లాగైనా పోయింది వసూలు చేసుకుని లేవాలని. దీనికి తోడు, కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం 2009లో చూపించిన సంగతి ఒకటుంది. వెంట్రుకవాసిలో తప్పిపోయిన గెలుపు, మెదడులో గెలుపుకు స్పందించే భాగాలనే కదిలిస్తుంది, ఇంకోసారి ఆడాలన్న కోరికను పెంచుతుంది. చెత్త ముక్కలతో ఓడితే అది ఓటమిలాగే ఉంటుంది. ఆసులతో ఓడితే, దగ్గరదాకా వచ్చి జారిపోయిన గెలుపులా ఉంటుంది. మంచి ముక్కల ఓటమి ఎక్కువ ప్రమాదకరం కావడానికి ఇది ఒక కారణం.

ఆడుతూ పోయినవాడు చివరికి మునగడానికి ఉన్న మరో కారణం ఇంతకన్నా క్రూరమైనది, అందులో మనసు ప్రమేయం ఏమీ లేదు. మీ దగ్గర పది వేలున్నాయి. ఎదుటివాడి దగ్గర తొంభై వేలున్నాయి. ఆటలో మోసం లేదు, నైపుణ్యంలో తేడా లేదు, ప్రతి ఆటలోనూ ఇద్దరికీ గెలుపు అవకాశం సరిసమానం. ఇద్దరిలో ఒకరి దగ్గర చిల్లిగవ్వ మిగలనంతవరకు ఆడుతూ పోతే చివరికి ఎవరు మునుగుతారు? వందకు తొంభై సార్లు మీరే. కారణం సులువు. మీరు ఒక చెడ్డ వరసను తట్టుకుంటే ఎక్కువ, ఆయన తొమ్మిదింటిని తట్టుకోగలడు. పాస్కల్, ఫెర్మా 1654లో రాసుకున్న ఉత్తరాలతో మొదలైన సంభావ్యత గణితం తొలినాళ్లలోనే ఈ ప్రశ్న ఎదుర్కొంది. 1657లో హైగెన్స్ ప్రచురించిన చిన్న పుస్తకంలో చివర ఇచ్చిన సమస్య ఈ జాతిదే. ఇక ఆట ఆడించేవాడు ప్రతి కుప్పలోంచి తన వాటా తీసుకుంటుంటే ఆ సరిసమానం కూడా ఉండదు. బోనస్ డబ్బుతో కూచున్న గని కార్మికుడు, ఏ పూటకాపూట డబ్బు తిప్పగలిగినవాడితో ఆడుతున్నప్పుడు, ముక్కలు పంచకముందే లెక్క చాలావరకు తేలిపోయి ఉంటుంది.

అందుకే నైపుణ్యమా అదృష్టమా అని కోర్టుల్లో దశాబ్దాలుగా సాగిన వాదన ఈ విషయంలో సగమే చూసిందని నా అభిప్రాయం. పేకాట విషయంలో ఆ వాదనకు పునాది పడింది మన దగ్గరే. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద 1963లో పోలీసులు దాడి చేశారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారన్నది అభియోగం. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా ధర్మాసనం తీర్పు చెప్పింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేది. రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆట. ఈ తీర్పు ఆసరాగా ఫోన్లలో రమ్మీ దుకాణాలు వెలిశాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చింది. రమ్మీలో నైపుణ్యం ఉందన్నది నిజమే. కానీ నైపుణ్యం ఉన్నంతమాత్రాన పది వేలవాడు తొంభై వేలవాడి ఎదుట నిలబడతాడని కాదు. నైపుణ్యం చిన్నదై, ఆట పొడవై, సంచి పలచనైతే మునక తప్పదు.

ఇప్పుడు మిర్చి దగ్గరికి. మహబూబాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. గార్ల, బయ్యారం మండలాలు అప్పటిదాకా ఖమ్మం జిల్లాలో ఉండేవి. జిల్లా మారినా మిర్చి బస్తాలు పోయే దారి పెద్దగా మారలేదు. అటు ఖమ్మం యార్డు, ఇటు వరంగల్ ఎనుమాముల. అంతకుముందు ఏడు మిర్చి క్వింటాలు పది వేలు దాటి పలికింది. ఆ ధర చూసినవాళ్లందరూ మిర్చి వేశారు. వానలూ కలిసొచ్చాయి. 2017 ఎండాకాలానికి కాపు విరగకాసింది. ఏ రైతు చేను చూసినా ఆసుల జోడీ పడినట్టే. బస్తాలు యార్డుకు చేరాక ధర మూడు, నాలుగు వేలకు పడిపోయింది, తాలు కాయలైతే అంతకన్నా తక్కువ. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. కార్యాలయం అద్దాలు పగిలాయి. అరెస్టు చేసిన పది మంది రైతులను మే నెలలో బేడీలు వేసి కోర్టుకు తీసుకురావడం రాష్ట్రమంతా చూసింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయల ధర ప్రకటించింది, తెలంగాణలో 33,700 టన్నుల వరకు. చాలామందికి అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ రైతు చేసిన తప్పేమిటని అడిగితే, అతని చేను వరకు చూస్తే ఏమీ లేదు. విత్తనం మంచిదే, సాగు మంచిదే, దిగుబడి మంచిదే. కానీ అతని చేతిని బలంగా చేసినవి రెండే, పోయినేడు ధర, ఈ ఏటి వాన. ఆ రెండూ ఉమ్మడి ముక్కలు. జిల్లాలో ప్రతి రైతు చేతినీ అవే బలంగా చేశాయి, గుంటూరు రైతు చేతిని కూడా. అందరికీ ఆసులు పడిన ఆటలో ఆసుకు విలువ లేదు. మనిషి తినే కారం పరిమితం. ధర సగమైందని ఎవరూ కూరలో రెండింతలు కారం వెయ్యరు. కాబట్టి సరుకు కొద్దిగా పెరిగినా ధర చాలా పడుతుంది. ఇది 17వ శతాబ్దంలోనే గమనించిన సంగతి. ఇంగ్లండులో చార్లెస్ డావెనాంట్ 1699లో రాసిన లెక్క ప్రకారం ధాన్యం పదో వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుంది. తలకిందులుగా చూస్తే మన యార్డుల కథ అదే. ధర చూసి అందరూ వెయ్యడం, పడిపోగానే అందరూ మానెయ్యడం, మళ్లీ ధర లేవడం, ఈ ఊగిసలాటను 1938లో మోర్డెకాయ్ ఎజెకీల్ సాలెగూడు సిద్ధాంతంగా గీసి చూపించాడు.

ఆ ఏడు మునిగినవాళ్లు, తట్టుకున్నవాళ్లు ఎవరో కూడా ముందు చెప్పిన లెక్కే చెబుతుంది. ఎండు మిర్చి కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి నిలవ ఉంటుంది. అద్దె కట్టుకోగలిగినవాడు, అప్పు తీర్చే గడువు నెత్తి మీద లేనివాడు ధర లేచేదాకా ఆగాడు. షావుకారుకు మార్చిలోనే డబ్బు కట్టాల్సిన కౌలు రైతు, బస్తా దించిన రోజే వచ్చిన ధరకు అమ్మాడు. ఇద్దరి మిర్చీ ఒకటే, సంచులే వేరు.

కానీ చాప మీది ఆటకూ చేనుకూ ఒక పెద్ద తేడా ఉంది, అది మనకు మేలు చేసేది. పేకాటలో ఎదుటివాడి ముక్కలు దాచి ఉంటాయి. వ్యవసాయంలో వాటిని దాచాల్సిన పని లేదు. ఏ మండలంలో ఎన్ని మిర్చి విత్తన ప్యాకెట్లు అమ్ముడయ్యాయో డీలర్ల బిల్లుల్లో ఉంటుంది. నర్సరీలు ఎన్ని నారు మొక్కలకు బయానా తీసుకున్నాయో నర్సరీల దగ్గర ఉంటుంది. పంట వేశాక ఏ సర్వే నంబరులో ఏముందో వ్యవసాయ విస్తరణాధికారులు రాసుకుంటారు, కానీ అప్పటికి నాటు అయిపోయి ఉంటుంది. రైతుకు ఆ లెక్క కావాల్సింది జూలైలో, నారు పోసేటప్పుడు. అందరికీ తెలిస్తే అందరూ మానేస్తారేమో అని కొందరు భయపడతారు. అందరూ మానెయ్యరు. నీళ్లు తక్కువున్నవాడు, అప్పు ఎక్కువున్నవాడు ముందు తగ్గుతాడు. తగ్గవలసింది కూడా వాళ్లే.

రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. జూలై నెలలో ప్రతి వారం ఆ మండలంలోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోనూ, గుంటూరులోనూ ఎంత మిర్చి విత్తనం అమ్ముడైందో, పోయినేడు అదే వారానికి ఎంత అమ్ముడైందో ఆ వేదికల గోడ మీద సున్నం కొట్టి రాయాలి. వ్యవసాయ, ఉద్యాన శాఖలు చెయ్యగలిగిన పని ఇది. ఖర్చు లేనిది, కొత్త చట్టం అక్కర్లేనిది. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో ఈ పుస్తకం చదివిన రైతులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ మండల అధికారిని ఈ లెక్క అడగాలి. వచ్చే వానాకాలం నారుమడి కట్టకముందే అడగాలి.